కెర్నల్ టెస్టులు: కెసెల్ఫ్‌టెస్టా, ఎల్‌టీపీయా?

మాదాపూర్‌లో మా టీమ్‌లోకి కొత్తగా వచ్చేవాళ్ళు ముందు అడిగేది ఇదే: కెర్నల్‌ని, అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కి మూలమైన భాగాన్ని, పరీక్షించే ఈ రెండు టెస్టు సెట్లలో ఏది వాడాలి? కెసెల్ఫ్‌టెస్ట్ లినక్స్ కెర్నల్ సోర్సులోనే ఉంటుంది. కోడ్ మార్చినవాళ్ళే ఆ ప్యాచ్‌లతో పాటు టెస్టూ పంపొచ్చు. ఎల్‌టీపీ (లినక్స్ టెస్ట్ ప్రాజెక్ట్) కోడ్ కెర్నల్ బయట, వేరే రిపాజిటరీలో ఉంటుంది. పాత కెర్నల్‌నీ కొత్తదాన్నీ ఒకే టెస్టుతో చూసుకోవచ్చు. పాత సర్వర్లు నడిపేవాళ్ళకి నేను దీన్నే చెప్తాను.

అసలు చిక్కంతా ఫలితాల దగ్గరే. టెస్టు నడపకుండా వదిలేస్తే ఎగ్జిట్ కోడ్‌గా (ప్రోగ్రామ్ ముగిసేటప్పుడు ఇచ్చే నంబరు) కెసెల్ఫ్‌టెస్ట్ 4 ఇస్తుంది, ఎల్‌టీపీ 32 ఇస్తుంది. ఓ రాత్రి మా స్క్రిప్టు ఆ 32ని ఫెయిల్ అనుకుని బిల్డంతా ఎర్రగా చూపించింది. ఆఖరి మెట్రో వెళ్ళిపోయేదాకా టెన్షన్‌తో లాగ్ చదువుతూనే ఉన్నాం. కెసెల్ఫ్‌టెస్ట్ వాడే కేట్యాప్ అనే ఫలితాలు రాసే పద్ధతిలో ప్రతి టెస్టుకీ 'ఓకే 1', 'నాట్ ఓకే 2' అని ఒక్కో లైను వస్తుంది. మనిషికీ అర్థమవుతుంది, మెషీన్‌కీ అర్థమవుతుంది. కొత్త సిస్టమ్ కాల్ (ప్రోగ్రాములు కెర్నల్‌ని పని అడిగే దారి) రాస్తుంటే మాత్రం కెసెల్ఫ్‌టెస్ట్‌తోనే మొదలుపెట్టండి.