ఓపీ కవరేజీ ఉంది, మా పేట డాక్టరుకి మాత్రం లేదు

అమ్మానాన్నల కోసం ఈ ఫ్లోటర్ ఆరోగ్య బీమా పాలసీ (ఇద్దరికీ కలిపి ఒకే కవరు) తీసుకుని ఏళ్లయింది. 5 లక్షల కవరు, దాని మీద ఓపీడీ రైడరు, అంటే ఆసుపత్రిలో చేరకుండా డాక్టరుకి చూపించుకునే (ఓపీ) ఖర్చుకి విడిగా డబ్బు కట్టి తీసుకున్న కవరేజీ. వెయిటింగ్ పీరియడ్లు, బోనస్‌ల గురించి ఏజెంటే చెబుతాడు కాబట్టి వాటి జోలికి పోను. నా బాధంతా ఓపీతోనే. ఒంట్లో బాగోలేకపోతే ఎవరైనా ముందు వెళ్లేది పేటలో ఉన్న డాక్టరు దగ్గరికి. అక్కడ ఈ పాలసీ మాకు అక్కరకు రాలేదు.

మాది విశాఖపట్నంలో కంచరపాలెం. నాన్నకి షుగరూ బీపీ ఉన్నాయి. ఆయన్ని మొదటి నుంచీ చూస్తున్న డాక్టరుగారు సాయంత్రాలు మా ఇంటికి నడిచే దూరంలోనే కూర్చుంటారు. నాన్న గుమ్మం ఎక్కే తీరు చూసే "షుగరు పెరిగినట్టుందే" అంటారు. ఆయన ఏ నెట్‌వర్కులోనూ, అంటే బీమా కంపెనీలతో ఒప్పందం ఉన్న డాక్టర్ల జాబితాలోనూ లేరు. యాప్ చూపించేవి సిరిపురం, ద్వారకానగర్ వైపు పెద్ద క్లినిక్కులు, కాదంటే ఫోన్లో మాట్లాడే డాక్టర్లు. ఒకసారి ఫోన్లో వచ్చినాయనకి తెలుగు రాదు. నాన్న "అరికాళ్లు మంటెత్తిపోతన్నాయి బాబూ" అంటే నేను హిందీలోకి మార్చి చెప్పాను. విటమిన్ మాత్రలు రాసి పెట్టేశారు. మరోసారి చేస్తే ఇంకో డాక్టరు, మళ్లీ జబ్బుల చరిత్రంతా మొదటి నుంచీ.

ఇదైనా ఓర్చుకునేదాన్నే. పోయిన వానాకాలం నాన్నకి జ్వరం వచ్చింది. మా డాక్టరుగారు ఆ సాయంత్రమే రక్తపరీక్ష రాశారు, ఎన్‌ఎస్1 పాజిటివ్ వచ్చింది. డెంగీ. "కంగారు పడకండి, ఇంట్లోనే చూసుకోవచ్చు. ఓఆర్ఎస్ తాగుతూ ఉండాలి. పారాసిటమాల్ తప్ప ఇంకే నొప్పి మాత్రా వెయ్యొద్దు. రోజూ సీబీపీ, అదే రక్తకణాల లెక్క, చేయించి తెండి" అన్నారు. ఇంకో మాట గట్టిగా చెప్పారు: "జ్వరం దిగాక అసలు జాగ్రత్త. వాంతులు ఆగకపోయినా, కడుపులో నొప్పొచ్చినా, చిగుళ్ల నుంచి రక్తం కనిపించినా అర్ధరాత్రని చూడొద్దు, ఆసుపత్రికి వెళ్లిపోండి." రోజువారీ ప్లేట్‌లెట్ల లెక్క ఒకే చీటీ మీద తన చేత్తోనే రాస్తూ వచ్చారు.

జ్వరం దిగిన రాత్రే వాంతులు పట్టుకున్నాయి. నాన్న కదలనంటారు. "జొరం ఇడిసిపోయింది కదా, ఇంకా ఆసుపత్రేటే?" అని నా మీద కేకలు. కడుపు పట్టుకుని ముడుచుకుపోయాక అమ్మా నేనూ ఆటో ఎక్కించాం. ప్లేట్‌లెట్లు బాగా పడిపోయి ఉన్నాయి. అడ్మిట్ చేసుకుని సెలైన్ పెట్టారు, కోలుకున్నారు. క్యాష్‌లెస్, అంటే కంపెనీయే నేరుగా ఆసుపత్రికి కట్టడం, మాత్రం రాలేదు. కాగితం మీద రాసిన కారణం: రోగి పరిస్థితి నిలకడగా ఉంది, ఓపీలో వైద్యం చేయించుకోదగిన జబ్బు.

ఓపీలోనే కదా అన్నాళ్లూ చేయించింది! ఓపీకి వెళ్తే మీ డాక్టరు మా జాబితాలో లేరన్నారు. ఆసుపత్రిలో చేరితే ఓపీకి వెళ్లాల్సింది అన్నారు. రెండు మాటలూ ఒకే కంపెనీవి, ఒకే పాలసీ మీద. ఆ కోపం నాకింకా చల్లారలేదు. క్యాష్‌లెస్ అవునో కాదో గంటలో తేల్చాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 సర్క్యులర్‌లో పెట్టిన నిబంధన ఉంది. ఆ విషయంలో వాళ్లని అనడానికి లేదు, జవాబు వేళకే వచ్చింది.

డబ్బు మేమే కట్టి, తర్వాత రీయింబర్స్‌మెంటుకి పెట్టాం. మళ్లీ అదే కారణం చెప్పి తిప్పికొట్టారు. క్లెయిమ్‌ల సమీక్ష కమిటీ ఒప్పుకోకుండా ఏ క్లెయిమునీ తిరస్కరించకూడదని ఆ 2024 సర్క్యులర్‌లోనే ఉంది. మీ కమిటీ చూసిందా అని రాతపూర్వకంగా అడిగాను. కాదంటే బీమా ఫిర్యాదులు విచారించే, హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్తానని కూడా రాశాను. దానికి మా డాక్టరుగారి ఉత్తరం జత చేశాను. ఏ తేదీన ప్లేట్‌లెట్లు ఎంతున్నాయో, షుగరు మనిషికి వాంతులూ కడుపునొప్పీ ఎప్పుడు మొదలయ్యాయో అందులో వరసగా ఉంది. డెంగీలో ఇవి హెచ్చరిక లక్షణాలనీ, అలాంటివాళ్లని ఆసుపత్రిలో ఉంచి చూడాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009 మార్గదర్శకాల్లోనే ఉందని కూడా ఆయనే రాశారు. ఆ ఉత్తరానికి ఒక్క రూపాయి తీసుకోలేదు. క్లెయిము పాసయింది. పాలసీ ఏనాడూ లెక్కలోకి తీసుకోని డాక్టరు రాసిన కాగితమే చివరికి మా డబ్బు ఇప్పించింది.

అడ్మిషన్ ఒప్పుకున్నారు కాబట్టి దానికి ముందు 30 రోజుల ఖర్చు కూడా మా పాలసీలో అడగొచ్చు. ల్యాబు బిల్లులు వచ్చాయి. డాక్టరు ఫీజుకి రసీదు లేదని అది కొట్టేశారు. చిన్న క్లినిక్కులో చూపించుకునేవాళ్లు తేదీ, రిజిస్ట్రేషన్ నంబరు ఉన్న రసీదు అడిగి ఉంచుకోండి.

అమ్మ గాల్‌బ్లాడర్ ఆపరేషన్ క్యాష్‌లెస్‌లో అయిపోయినప్పుడు ఈ పాలసీని మా ఆఫీసులో చాలామందికి చెప్పాను. ముందే తేదీ అనుకుని చేయించుకునే ఆపరేషన్ల వరకు ఇప్పటికీ ఆ మాట మీదే ఉన్నాను. అప్పుడు కూడా గ్లవ్స్ లాంటివాటికి కోత పడింది, డిశ్చార్జికి సాయంత్రం దాకా కూర్చోబెట్టారు. 2025 సెప్టెంబరు 22 నుంచి ప్రీమియం మీద 18 శాతం జీఎస్టీ తీసేశారు గానీ, నాన్న వయసు శ్లాబు మారడంతో ఆ మిగులు పెరిగిన ప్రీమియంలోనే కలిసిపోయింది.

2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవగా నడుస్తున్న పథకం కార్డు మా పక్కింటివాళ్లకి ఉంది. పెద్ద ఆపరేషన్లకి అది కొండంత అండ. పేట డాక్టరు ఫీజు దగ్గర వాళ్లదీ మా పరిస్థితే. నాన్న బీపీ మాత్రలు ఇప్పుడు అర్బన్ హెల్త్ సెంటరులో ఉచితంగా తెచ్చుకుంటున్నాం. అక్కడి నర్సమ్మ బీపీ చూసి పుస్తకంలో రాసి మరీ పంపుతుంది.

అసలు పాలసీ రెన్యువల్ చేయిస్తాను. ఇద్దరు పెద్దవాళ్లని ఇంట్లో పెట్టుకుని అది లేకుండా ఉండే ధైర్యం నాకు లేదు. ఓపీడీ రైడరు తీసేస్తున్నాను. ఉద్యోగాల కోసం ఊళ్లు మారే చిన్న వయసువాళ్లకి, నెట్‌వర్కు క్లినిక్ ఇంటి పక్కనే ఉన్నవాళ్లకి అది పనికిరావచ్చు. మా ఇంట్లో రైడరు డబ్బు ఈసారి డాక్టరుగారి ఫీజుకీ, నాన్న హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగరు సగటు) పరీక్షలకీ వెళ్తుంది.