సికింద్రాబాద్‌లో రెండు రోజులు: పిక్కుల ఉక్కు కోసం

సొంతంగా కొన్న తాళం కప్పల్ని, అదీ ఏ తలుపుకీ వాడనివాటిని, చెవి లేకుండా తీయడం నాకు రెండేళ్లుగా ఇష్టమైన పని. దీన్ని లాక్‌స్పోర్ట్ అంటారు. పిక్కులు, అంటే తాళంలోకి దూర్చి లోపలి చిన్న పిన్నుల్ని కదిపే సన్నటి పనిముట్లు కూడా నేనే చేసుకుంటాను. ఇంట్లో దొరికినవన్నీ వాడి చూశాను. సైకిల్ చువ్వ, హెయిర్‌పిన్ను, గొడుగు ఊచ, ఏదైనా ఒకసారి వంగిందంటే అలాగే ఉండిపోయేది. నాకు కావలసింది వంగినా వదలగానే తిన్నగా అయ్యే ఉక్కు. దానికోసమే మొన్న ఒక శని, ఆదివారం విజయవాడ నుంచి సికింద్రాబాద్ వెళ్లొచ్చాను.

"ఆటోనగర్ పక్కనే ఉండగా అంత దూరం ఎందుకురా?" అన్నారు బావగారు. కమాను పట్టీలకు ఆటోనగర్‌ని మించింది లేదు, ఒప్పుకుంటాను. కానీ లారీ కమాను పట్టీ వేలంత మందం ఉంటుంది. నాకు కావలసింది అర మిల్లీమీటరు.

శనివారం పొద్దున శాతవాహన ఎక్కి, స్టేషన్ దగ్గర లాడ్జిలో సామాను పడేసి, ఆటోలో రాణిగంజ్ వెళ్లాను. ఇలాంటి పని మీద వెళ్లేవాళ్లు శనివారమే వెళ్లాలి, ఆదివారం అక్కడ చాలా షాపులు మూసేస్తారు. ఫీలర్ గేజ్ (సందుల వెడల్పు కొలిచే పల్చటి ఉక్కు ఆకుల సెట్టు) అడిగితే ఒక పెద్దాయన "బండి వాల్వులకా సార్?" అన్నారు. దేనికో దాచకుండా చెప్పాను. ఆయన సెట్టులోంచి 0.5 మిల్లీమీటరు ఆకు విప్పి నా చేతికిచ్చి "వంచి చూడుండ్రి" అన్నారు. బొటనవేలితో నొక్కి బాగా వంచి వదిలాను. టక్కున లేచి తిన్నగా నిలబడింది. పక్కనే ఉన్న 304 రకం స్టెయిన్‌లెస్ షిమ్మును (సందుల్లో పెట్టే పల్చటి రేకును) కూడా అలాగే వంచాను. తుప్పు పట్టదు గానీ, వంగింది వంగినట్టే ఉండిపోయింది. ఇక నాకు సందేహం లేదు.

మందం విషయంలో తొందరపడకండి. తాళం చెవి దూరే గాడి వంకరటింకరగా ఉంటుంది. 0.6 దాటితే పిక్కు అందులో ఇరుక్కుంటుంది. మరీ పల్చనైతే పిన్ను కదలకముందే పిక్కే వంగుతుంది. ఇరుకు గాడికి 0.5, కాస్త వెడల్పు గాడికి 0.6. ఫీలర్ గేజ్ సెట్టులో రెండూ దొరుకుతాయి కాబట్టి నా ఓటు దానికే.

హాక్సా బ్లేడు చవక, కానీ ఏ రకమో అడిగి తీసుకోవాలి. పూర్తిగా గట్టిపరిచిన హెచ్ఎస్ఎస్ (హై స్పీడ్ స్టీల్) బ్లేడు అప్పడంలా విరుగుతుంది. బైమెటల్ (రెండు లోహాలు అతికిన) బ్లేడులో పళ్లు మాత్రమే హెచ్ఎస్ఎస్, వీపు స్ప్రింగు ఉక్కు. పళ్లు అరగదీసేస్తే మంచి పట్టీ మిగులుతుంది. అవి నాలుగు కొన్నాను.

సాయంత్రం బాలానగర్‌లో ఒక గ్రైండింగ్ షాపులో ఆకును పిక్కు ఆకారానికి తెప్పిద్దామనుకున్నాను. ఈ రెండు రోజుల్లో నాకు బాధ కలిగింది అక్కడే. నీళ్లలో ముంచుతూ చేయమని రెండుసార్లు చెప్పినా వినకుండా షాపతను రాయికి అదిమి పట్టేశాడు. అంచు మీద ముందు గోధుమ రంగు పాకింది. తర్వాత ఊదా, నీలం, చివరికి బూడిద రంగు. ఆ కొసను వేలితో నొక్కితే సీసం ముక్కలా వంగిపోయింది. ఉక్కు గట్టిదనం పోయింది. అంత పల్చటి ముక్కకు వేడి క్షణాల్లో పాకుతుంది. రాయికి ఆనించింది రెండు సెకన్లైతే నీళ్లలో ఉంచేది అయిదు సెకన్లుండాలి, అదీ ఉత్త చేత్తో పట్టుకుని. చేతికి వేడి తగిలిందంటే ఆపాలి. ఈ పని ఇంట్లో చేసుకోవడమే మేలు.

లాడ్జి గది శుభ్రంగానే ఉంది, వేడి నీళ్లు వచ్చాయి. కానీ ఫోన్లో ఇరవై నాలుగు గంటల చెకౌట్ అని చెప్పి, ఆదివారం పొద్దునే ఖాళీ చేయమన్నారు. బుక్ చేసేటప్పుడే మెసేజ్ రూపంలో రాయించుకోండి. బ్యాగు స్టేషన్ క్లోక్‌రూమ్‌లో పెట్టాను. తాళం వేయని బ్యాగు వాళ్లు తీసుకోరు, ఒక కప్ప దగ్గర ఉంచుకోండి.

ఎర్రగడ్డ సండే మార్కెట్‌కి మెట్రోలో వెళ్లాను. అమీర్‌పేట్‌లో మారితే సరిపోతుంది. అక్కడ పాత కారు వైపర్లు దొరికాయి. రబ్బరు లాగేస్తే అటొకటి ఇటొకటి సన్నటి ఉక్కు పట్టీలు బయటపడతాయి. టెన్షన్ టూలుకు (పిక్కు ఆడిస్తున్నప్పుడు తాళాన్ని తిప్పి పట్టే పట్టీకి) ఇంతకంటే మంచిది నాకింతవరకు దొరకలేదు. పట్టుకారుతో నెమ్మదిగా లంబకోణానికి వంచితే వంపు విరగకుండా నిలుస్తుంది. ప్రాక్టీసుకు నాలుగు పాత కప్పలూ కొన్నాను. తాళం చెవి ఉన్నవే ఏరుకోండి, లోపల పిన్నుల ఎత్తు చెవి గాట్లు చూసి తెలుసుకోవచ్చు. వాటిలో రెండు లివర్ తాళాలు, అంటే లోపల పిన్నులకు బదులు పలకలు ఉండేవి. వాటికి ఈ పల్చటి పిక్కులు చాలవు, గట్టి తీగ కావాలి. అది ఇంకో ప్రయాణం.

ఇంటికొచ్చాక 0.5 ఆకును డబ్బాలో నీళ్లు పెట్టుకుని గంటన్నర అరగదీశాను, తర్వాత ఎమరీ పేపరుతో నున్నగా రుద్దాను. వైపర్ పట్టీని గాడిలో పెట్టి ఒక వేలితో తేలిగ్గా తిప్పి పట్టుకుని, పిక్కు లోపలికి జరిపాను. ముందుగా మూడో పిన్ను నిలిచింది. చిన్న టిక్ చప్పుడు వేలికే తెలిసింది. అయిదోది నిలవగానే కప్ప తెరుచుకుంది. పిక్కు బయటికి తీసి వెలుతురులో పెట్టి చూశాను, తిన్నగానే ఉంది.