నరాల తైలం శిబిరాలకు పిల్లలను తీసుకువెళ్లకండి: వెన్నులో చీము పడితే వాతమని మందు అమ్మాడు

కావలి, కోవూరు, ఆత్మకూరు వైపు కల్యాణ మండపాల్లో ఆదివారం శిబిరాలు పెట్టి నరాల తైలం అమ్మే మనిషి గురించి రాస్తున్నాను. ఆటోకు మైకు కట్టి ఊరంతా తిప్పేది ఆయన మనుషులే, ఎవరో మీకు తెలుసు. మా పాప ఇంకా నెల్లూరులో ఆసుపత్రిలోనే ఉంది.

పాపకు తొమ్మిదేళ్లు. వీపు మధ్యలో నొప్పి, సాయంత్రమైతే ఒళ్లు వెచ్చబడటం, అన్నం సహించకపోవడం. రాత్రి నిద్రలోంచి ఉలిక్కిపడి ఏడుస్తూ లేచేది. కింద పడిన పెన్సిలు తీయాలంటే వీపు వంచకుండా కర్రలా నిలబెట్టి, మోకాళ్లు మడిచి, ఒక చెయ్యి తొడ మీద ఆన్చి తీసేది. ఆసుపత్రిలో ఈ సంగతి చెప్పగానే డాక్టరు రాయడం ఆపి ముందు పాప వీపు చూశారు. శిబిరంలోనూ ఇదే చెప్పాం. ఆయన వీపు తడిమి, 'పూస జరిగింది, వాతం చేరింది' అన్నాడు. తైలం, చూర్ణం, నడుము పట్టీ, మర్దన కలిపి కోర్సు పన్నెండు వేలు. బిల్లు అడిగితే సంతకం లేని చీటీ ఇచ్చాడు.

చివరిసారి వెళ్లేసరికి పాప అడుగులు తడబడుతున్నాయి, కాళ్లు బిగుసుకుపోతున్నాయి, చెప్పు జారిపోయినా తెలియడం లేదు. అవన్నీ చెప్పినా, ఉబ్బిన పూస మీద రెండు బొటనవేళ్లు పెట్టి నొక్కాడు. పాప 'అమ్మా, కాళ్లు జివ్వుమంటున్నాయి' అని కేక వేసింది. నేను ఆయన చెయ్యి పట్టుకుని ఆపాను. అప్పుడు మండపంలో అందరికీ వినబడేలా అన్నాడు: 'ఈ పిల్లకు జబ్బు లేదమ్మా, బడి ఎగ్గొట్టడానికి వేషాలు. గారాబం చేసి మీరే చెడగొట్టారు.' చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. పాప ఏడుపు ఆపేసింది. తాను వేషాలు వేయడం లేదని చూపించడానికి నా చెయ్యి వదిలి నడవబోయి గేటు దగ్గర పడిపోయింది. డబ్బు పోయినందుకు కాదు, నొప్పితో అల్లాడుతున్న బిడ్డను నలుగురిలో అబద్ధాలకోరును చేసినందుకు ఆ మనిషిని నేను క్షమించలేను.

ఆ రాత్రి మూత్రం ఆగిపోయింది. నెల్లూరు తీసుకొచ్చాం. ఎంఆర్ఐలో రెండు పూసలు తినేసినట్టు, వాటి చుట్టూ చేరిన చీము వెన్నుపామును నొక్కుతున్నట్టు కనిపించింది. ఆపరేషన్ చేసి ఒత్తిడి తీసేశారు. చీమును సీబీనాట్ అనే, టీబీ సూక్ష్మజీవిని పట్టే పరీక్షకు పంపితే టీబీ అని తేలింది. దగ్గు లేకుండా టీబీ ఏమిటని మేమూ అడిగాం. ఊపిరితిత్తుల్లోంచి రక్తం ద్వారా ఎముకకు చేరుతుందట. 1779లోనే పెర్సివాల్ పాట్ అనే ఇంగ్లండ్ సర్జన్ వర్ణించిన వెన్ను జబ్బు ఇది. మందులు ఉన్నాయి. మొదటి రెండు నెలలు ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఇథాంబ్యుటాల్. తర్వాత పైరజినమైడ్ ఆపి మిగిలినవి, మొత్తం పన్నెండు నెలలు, అవసరమైతే ఇంకా పొడిగిస్తారు. రిఫాంపిసిన్‌తో మూత్రం నారింజ రంగులో వస్తే భయపడకండి. ఈ మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది, పోషకాహారానికి నెలకు వెయ్యి రూపాయలు ఖాతాలో వేస్తుంది. పాప ఇప్పుడు కాలి వేళ్లు కదిలిస్తోంది. నడక ఎంతవరకు వస్తుందో ఇప్పుడే చెప్పలేమన్నారు.

మా ఆయన ఫిల్ము తీసుకుని శిబిరానికి వెళ్లాడు. ఆ మనిషి కవరు విప్పి చూడనైనా చూడలేదు. 'నా తైలం వల్లే లోపలి చీము బయటపడింది, మధ్యలో మానేసింది మీరు, డబ్బు ఇవ్వను' అన్నాడట. ఆ మరుసటి రోజు నుంచి మా ఫోను ఎత్తడం లేదు. కరపత్రంలో పక్షవాతం నయం చేస్తానని అచ్చు వేయించాడు. అలాంటి ప్రకటనను 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం నిషేధిస్తుంది.

పిల్లలకు వెన్ను నొప్పితో పాటు జ్వరం ఉన్నా, రాత్రి నొప్పితో లేచినా మర్దన చేయించకండి, ఆసుపత్రికి తీసుకువెళ్లండి. కాళ్లలో బలం తగ్గినా, మూత్రం బిగిసినా తెల్లారేదాకా ఆగకండి, 108కి ఫోను చేయండి. అన్నిసార్లూ టీబీయే కాదు. సెగగడ్డలకు కారణమయ్యే స్టెఫైలోకాకస్ సూక్ష్మజీవి వెన్నుకు చేరితే రోజుల్లోనే కాళ్లు పడిపోవచ్చు, దానికి వారాల తరబడి నరంలోకి యాంటీబయాటిక్స్ ఎక్కించాలి. నడుము కింద మధ్యలో పుట్టుకతో చిన్న రంధ్రం ఉండి రసి కారుతుంటే అదీ డాక్టరుకు చూపించండి. ఆపరేషన్ ఖర్చు సంగతి ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రను అడగండి. టీబీ సందేహాలకు 1800-11-6666.

ఆయన ఇచ్చిన చీటీలు, కరపత్రాలు మీ దగ్గర ఉంటే పారేయకండి. జిల్లా వైద్య ఆరోగ్యాధికారికి, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేస్తున్నాం. మీవి పంపితే వాటినీ జత చేస్తాం.