ఇనుగామి డిస్క్ కొంటున్నారా? 1976 అని చూసి డబ్బు కట్టేయకండి

జపాన్ దర్శకుడు కోన్ ఇచికావా తీసిన హత్యల మిస్టరీ సినిమా 'ఇనుగామి కె నో ఇచిజోకు' డిస్క్ కోసం వెతికేవాళ్లకు హెచ్చరిక. లిస్టింగ్‌లో 1976 సినిమా అని పెట్టి, పెట్టెలో 2006 డిస్క్ పంపే ఆన్‌లైన్ అమ్మకందారు ఒకడున్నాడు. సీలు విప్పాక వాపసు లేదంటాడు.

ఈ సినిమా విషయంలో ఇలా అంటగట్టడం చాలా తేలిక. ఇచికావా ముప్పై ఏళ్ల తర్వాత తన సినిమానే అదే పేరుతో మళ్లీ తీశాడు. రెండింటికీ సెయిషి యోకోమిజో నవలే ఆధారం, రెండింట్లోనూ డిటెక్టివ్ కిందాయిచి కోజి ఇషిజాకానే. తెల్ల రబ్బరు ముసుగు, సరస్సు నీళ్లలోంచి తలకిందులుగా పైకి లేచిన కాళ్లు రెండింట్లోనూ ఉంటాయి. అందుకే ముందు కవర్ బొమ్మను నమ్మొద్దు, వెనక కవర్ ఫొటో అడగండి. పాతది 146 నిమిషాలు, కొత్తది అంతకంటే పది నిమిషాలకు పైగా తక్కువ. ఇనుగామి ఇంటి పెద్దకూతురు మత్సుకోగా పాతదాంట్లో మియెకో తకమినే, కొత్తదాంట్లో సుమికో ఫుజి. కథానాయిక తమయోగా పాతదాంట్లో యోకో షిమాదా, కొత్తదాంట్లో నానకో మత్సుషిమా. ఫొటో పంపడానికి నసిగేవాడి దగ్గర అసలు కొనొద్దు.

సరైన సినిమానే వచ్చినా మన ప్లేయర్‌లో ఆడాలిగా! డిస్క్ ఏ దేశాల ప్లేయర్లలో ఆడాలో నిర్ణయించే కోడే రీజియన్. జపాన్ డీవీడీ రీజియన్ 2, మనది 5. బ్లూరేలో జపాన్‌ది ఎ, మనది సి. అమెరికాలో ఉన్నవాళ్లకు బ్లూరే ఇబ్బంది లేదు, అక్కడా ఎ రీజియనే. డీవీడీ మాత్రం కుదరదు, వాళ్లది 1. మన దగ్గర చాలా డీవీడీ ప్లేయర్లను రిమోట్‌తోనే అన్ని రీజియన్లకూ మార్చుకోవచ్చు గానీ, బ్లూరే ప్లేయర్లు అంత సులువుగా లొంగవు. కంప్యూటర్ డీవీడీ డ్రైవ్‌లో రీజియన్ ఐదుసార్లే మార్చగలరు, ఆ తర్వాత చివరిదే ఖాయం. 4కె అల్ట్రా హెచ్‌డీ డిస్కులకు రీజియన్ గొడవ లేదు, కానీ ఆ సెట్‌లో కలిపి ఇచ్చే మామూలు బ్లూరేకి ఉండొచ్చు.

సబ్‌టైటిల్స్ సంగతి ఇంకా ముఖ్యం. జపాన్ మార్కెట్ డిస్కుల్లో చాలావాటికి ఇంగ్లిష్ ఉండదు. ఇది మాటల మీద నడిచే కథ: చనిపోయిన ఇంటి పెద్దకు ముగ్గురు తల్లుల ద్వారా పుట్టిన ముగ్గురు కూతుళ్లు, ఆయన ముగ్గురు మనవళ్లలో ఒకణ్ణి పెళ్లాడితేనే తమయోకి ఆస్తి దక్కుతుందనే వీలునామా. ఆ వీలునామా చదివే సీన్ అర్థం కాకపోతే తర్వాతి హత్యలేవీ అర్థం కావు. 'సబ్‌టైటిల్స్ ఉన్నాయి' అని రాస్తే ఏ భాషవో అడిగి, జవాబు మెసేజ్‌లోనే తీసుకోండి, ఫోన్‌లో కాదు.

'ఆల్ రీజియన్, ఇంగ్లిష్-చైనీస్ సబ్‌టైటిల్స్' అంటూ చవగ్గా దొరికేవి ఎక్కువగా దొంగ కాపీలే. డిస్క్ అడుగువైపు ఊదారంగు ఛాయ కనిపిస్తే అది ఇంట్లో రాసిన డీవీడీ-ఆర్. ఫ్యాక్టరీలో అచ్చయిన డీవీడీ వెండిలా గానీ, లేత బంగారు రంగులో గానీ మెరుస్తుంది. పార్సిల్ వస్తే సీలు కోయకముందే వీడియో మొదలుపెట్టి, డిస్క్ రెండువైపులా కనిపించేదాకా ఆపకండి. కట్ ఉన్న వీడియోని వాపసు క్లెయిమ్‌లో పట్టించుకోకపోవచ్చు.