గాజు, చెట్లు, నీడ: గుర్తుండిపోయే నివాస టవర్‌కి ఏది మేలు?

వందల కుటుంబాలు కాపురముండే టవర్‌ని ఊరి అవతలి నుంచి చూసినా ఇట్టే గుర్తుపట్టాలి. కరెంటు మాత్రం తక్కువ తినాలి. చాలాసార్లు జరిగేదేమిటంటే, ముందు ఆకారం గీసేసుకుని పర్యావరణాన్ని తర్వాత పైన తగిలిస్తారు. లండన్‌లో 2010లో పూర్తయిన స్ట్రాటా టవర్ సంగతి అదే. 43 అంతస్తుల నెత్తిన మూడు గాలిమరలు పెట్టారు. భవనానికి కావలసిన కరెంటులో 8 శాతం వాటి నుంచే వస్తుందని అంచనా వేశారు. గుర్తింపైతే వచ్చింది గానీ, ఆ మరలు తిరుగుతుంటే చూసినవాళ్లు తక్కువ.

ఇలాంటి తగిలింపులు పక్కన పెడితే, అసలు పోటీ టవర్ ఒంటికి ఏం తొడగాలన్న దగ్గరే.

నిలువెల్లా గాజు అన్నది నా లెక్కలో మొదటి రౌండ్‌లోనే పోతుంది. మంచి రెండు పొరల అద్దం కూడా, ఇన్సులేషన్ (వేడిని ఆపే పొర) ఉన్న గోడతో పోలిస్తే కొన్ని రెట్లు ఎక్కువ వేడిని దాటనిస్తుంది. ఆఫీసైతే సాయంత్రానికి ఖాళీ అవుతుంది. ఇంట్లోవాళ్లు పడమటి ఎండకు కాగిన గదిలోనే పడుకోవాలి. పైగా గాజు టవర్ లేని మహానగరం ఏది? గుర్తింపూ దక్కదు.

చెట్ల టవర్‌ని అంత తేలిగ్గా కొట్టిపారేయలేం. మిలాన్‌లో స్టెఫానో బోయెరి రూపొందించిన బోస్కో వెర్టికాలే జంట టవర్లు 2014లో పూర్తయ్యాయి. బాల్కనీల్లో దాదాపు 800 చెట్లు. ఆకులు ఎండను ఆపుతాయి, దుమ్మును పట్టుకుంటాయి, రుతువు మారితే భవనం రంగు మారుతుంది. చూడ్డానికి ఇంతకన్నా ఏం కావాలి? కానీ మట్టి బరువు మోయాలంటే మూడు మీటర్లకు పైగా ముందుకు చొచ్చుకొచ్చిన స్లాబులు బలంగా ఉండాలి. అంటే కాంక్రీటూ ఉక్కూ ఎక్కువ. వాటి తయారీలో వెలువడే కర్బన భారం ఒక్క మొక్కా నాటకముందే నెత్తిన పడుతుంది. గాలికి పడిపోకుండా చెట్లను కట్టి ఉంచాలి, కొమ్మలు కత్తిరించే తోటమాలులు పైనుంచి తాళ్లతో దిగాలి. ఖరీదైన ఫ్లాట్లకు ఇది చెల్లుతుంది. మామూలు జీతగాళ్ల టవర్‌లో మెయింటెనెన్స్ డబ్బు తగ్గిన ఏడాది మొదటి కోత పడేది తోటమాలి మీదే.

అందుకే నా ఓటు నీడకి. ముంబైలో ఆర్కిటెక్ట్ చార్లెస్ కొరియా కట్టిన కాంచన్‌జంగా నివాస టవర్ (1983) చూడండి. సముద్రపు గాలి వచ్చే పడమటి దిక్కు నుంచే మధ్యాహ్నపు ఎండా, వాన జల్లూ వస్తాయి. ఆయన మూలల్లో రెండంతస్తుల ఎత్తు వరండాలు తొలిచి, గదుల్ని వాటి వెనక్కి జరిపాడు. ఆ టవర్‌ని గుర్తుపట్టించేవి ఆ తొలిచిన మూలలే. అంటే గుర్తింపు కోసం విడిగా ఖర్చు లేదు. ఏటా జీతాలిచ్చి పెట్టుకోవాల్సిన తోటమాలులూ లేరు.

షికాగోలో జీన్ గ్యాంగ్ చేసిన 82 అంతస్తుల ఆక్వా టవర్ కూడా ఈ దారిదే: గుర్తుపట్టించే ఆకారమే పని కూడా చేస్తుంది. అలల్లా వంపులు తిరిగిన బాల్కనీ అంచులు గాలిని చెదరగొడతాయి. టవర్ ఊగడాన్ని అదుపు చేయడానికి పైన బరువైన డ్యాంపర్ పెట్టాల్సిన పని పడలేదు. ఇక్కడ ఒక మెలిక ఉంది. చలి దేశంలో లోపలి స్లాబే బాల్కనీగా బయటికి సాగితే, గది వెచ్చదనం దాని గుండా బయటికి పోతుంది. అక్కడ లోతైన వరండాని అలాగే ఎత్తి పెట్టడం తప్పు. బాల్కనీని మధ్యలో ఇన్సులేషన్‌తో విడదీయాలి, లేదా విడి చట్రం మీద నిలబెట్టాలి. రెండూ డ్రాయింగ్ దశలోనే తేలాలి.