ఫ్లషింగ్‌లో బీఫ్ షియెన్‌బింగ్ - పార్సిల్ మాత్రం వద్దు

న్యూయార్క్‌లో 7 ట్రైన్ ఎక్కి ఆఖరి స్టాప్ ఫ్లషింగ్ మెయిన్ స్ట్రీట్‌లో దిగితే చైనీస్ తిండికి కొదవే లేదు. గోబీ మంచూరియా, షెజ్వాన్ ఫ్రైడ్ రైస్ కోసం వెతక్కండి, అవి మన చైనీస్. నేను చెప్పేది ఒక బేస్‌మెంట్ ఫుడ్ కోర్ట్‌లో ఉన్న చిన్న కౌంటర్, ఉత్తర చైనా వంటలు చేస్తారు, సొంత టేబుళ్ళు కూడా లేవు, ట్రే పట్టుకుని ఎక్కడ కుర్చీ ఖాళీ అయితే అక్కడ కూలబడటమే.

తీసుకున్నది షియెన్‌బింగ్, అంటే లోపల కూరి కాల్చిన గుండ్రటి రొట్టె, బీఫూ ఉల్లికాడలూ పెట్టింది. ఓవెన్‌లో పెట్టేది కాదు, పెనం మీద కొంచెం నూనేసి రెండు వైపులా కాలుస్తారు. లైన్‌లో నిలబడే చూడొచ్చు, పిండి ఎంత జారుగా ఉందంటే చేసే ఆవిడ వేళ్ళకి సాగుతూనే ఉంది, మధ్యలో బోలెడు కీమా పెట్టి అంచులు లాగి మూసేసి, మూసిన వైపు కిందకేసి అరచేత్తో అదిమేసింది, అంతా పది సెకన్ల పని. కీమాలో సిచువాన్ మిరియాలు నానబెట్టిన నీళ్ళు కొద్దికొద్దిగా పోస్తూ ఒకే వైపుకి తిప్పుతూ కలుపుతారు, మాంసం ఆ నీళ్ళని పీల్చేసుకుని కాలేటప్పుడు మళ్ళీ రసంగా వదుల్తుంది, అసలు రుచంతా అందులోనే.

అందుకే గబుక్కున కొరక్కండి. అంచున చిన్న కన్నం పెట్టి ముందు ఆ రసం జుర్రేయాలి, లేదంటే నాలుకా కాలుద్ది షర్టూ పోద్ది (పక్క టేబుల్ అబ్బాయిది పోయింది పాపం). హైదరాబాద్ లుఖ్మీనో బేకరీ కర్రీ పఫ్‌నో ఊహించుకుంటే నిరాశే, గరం మసాలా లేదు, కారం అసలే లేదు. రెండో ముక్క నుంచి నల్ల వెనిగర్‌లో కాస్త మిరప నూనె కలిపి ముంచుకుని తిన్నా, అప్పుడు పట్టింది రుచి. పైన కరకర, లోపలి పొర మాత్రం రసం తాగి మెత్తగా. రెండు తింటే ఇక లంచ్ అక్కర్లేదు.

ఒకటి పార్సిల్ కట్టించుకున్నా, దండగ. డబ్బాలో ఆవిరికి పైన తోలులా సాగిపోయింది, బీఫ్ కొవ్వు చల్లారితే గడ్డకట్టేస్తది కదా, నోట్లో మైనం మైనంగా. పెనం మీద మళ్ళీ వేడి చేస్తే కాస్త నయం, మైక్రోవేవ్ జోలికి మాత్రం పోకండి.

బీఫ్ తినని వాళ్ళకి జీలకర్ర వేసిన లాంబ్ ఉంది, అది మన నోటికి ఇంకా దగ్గర. వెజ్ వాళ్ళు మాత్రం జాగ్రత్త, ఆకుపచ్చగా కనిపించే జియుత్సాయ్ హెజి అనే ఇంకో కూరిన రొట్టెలో వెల్లుల్లి వాసనొచ్చే ఆకుకూరతో పాటు గుడ్డు ఉంటుంది, కొన్ని చోట్ల ఎండు రొయ్యలు కూడా వేస్తారు. కౌంటర్‌లో ఇంగ్లీష్ అంతంతమాత్రమే, ఫోన్‌లో ట్రాన్స్‌లేట్ చేసి చూపిస్తే అందులో గుడ్డూ రొయ్యలూ ఉన్నాయో లేదో చెప్పేస్తారు.