రైలు మారే ఆరు గంటల్లో ఓరుగల్లు

విజయవాడ, సికింద్రాబాద్ మధ్య తిరిగేవాళ్లలో చాలామంది వరంగల్ స్టేషన్‌ను కిటికీలోంచి వందసార్లు చూసి ఉంటారు. ఊళ్లోకి మాత్రం అడుగుపెట్టి ఉండరు. ఓరుగల్లు కోట మట్టిగోడ ఆ స్టేషన్ వెనక రెండు మూడు కిలోమీటర్లలోనే ఉంది. పొద్దున ఒక బండి దిగి సాయంత్రం ఇంకో బండి ఎక్కేలా ఆరేడు గంటలు పెట్టుకుంటే కోట, వేయిస్తంభాల గుడి, భద్రకాళి మూడూ హడావుడి లేకుండా అవుతాయి. రైలు మజిలీగా ఈ ఊరికి ఐదుకు నాలుగు మార్కులు. తగ్గిన ఆ ఒక్కటీ కోటలో నీడ, వివరం చెప్పే బోర్డులు కరువైనందుకు.

ముందు స్టేషన్ల సంగతి. తప్పులు ఎక్కువగా జరిగేది ఇక్కడే. వరంగల్, కాజీపేట వేర్వేరు స్టేషన్లు, మధ్య దూరం సుమారు 10 కిలోమీటర్లు. విజయవాడ–సికింద్రాబాద్ బండ్లు మామూలుగా రెండిట్లోనూ ఆగుతాయి. హైదరాబాద్ నుంచి ఢిల్లీ పోయే తెలంగాణ ఎక్స్‌ప్రెస్ కాజీపేట మీదుగా పైకి వెళ్లిపోతుంది, వరంగల్ ముఖం చూడదు. చెన్నై, విజయవాడ వైపు నుంచి ఢిల్లీ పోయే తమిళనాడు, జీటీ, ఏపీ ఎక్స్‌ప్రెస్‌లు వరంగల్‌లో ఆగి, కాజీపేట జంక్షన్‌లోకి రాకుండా పక్క లైను పట్టుకుంటాయి. అంటే దిగేది ఒక స్టేషన్, ఎక్కేది ఇంకోటి అయ్యే అవకాశం చాలా ఎక్కువ. టికెట్ మీద స్టేషన్ కోడ్ డబ్ల్యూఎల్ (వరంగల్) ఉందా, కేజెడ్‌జె (కాజీపేట) ఉందా అని రెండుసార్లు చూసుకుని, రోజు ప్రణాళికను ఎక్కబోయే స్టేషన్ నుంచి వెనక్కి లెక్కేసుకోవాలి. హనుమకొండలో ఉన్న వేయిస్తంభాల గుడి రెండు స్టేషన్లకూ ఇంచుమించు సమాన దూరం, ఐదారు కిలోమీటర్లు. కోట మాత్రం పూర్తిగా వరంగల్ వైపే. కాజీపేటలో సాయంత్రం బండి ఉంటే కోటను చివరికి పెట్టుకోవడం అంత తెలివితక్కువ పని లేదు. ఊరు మొత్తం అడ్డంగా దాటాలి, అదీ ఆఫీసులు వదిలే వేళకు.

టికెట్ విషయానికొస్తే, బ్రేక్ జర్నీ నియమం ఉంది కదా అని విజయవాడ నుంచి సికింద్రాబాద్‌కు ఒకే టికెట్ తీసి మధ్యలో దిగేద్దామనుకుంటే కుదరదు. ఆ సౌకర్యం 500 కిలోమీటర్లు దాటిన టికెట్లకే. మొదటి ఆగడం కూడా బయల్దేరిన చోటు నుంచి 500 కిలోమీటర్లు ప్రయాణించాకే. మొత్తం దూరం 1000 లోపైతే ఒకసారి, దాటితే రెండుసార్లు ఆగొచ్చు. దిగిన రోజు, ఎక్కే రోజు కాకుండా ఒక్కో మజిలీకి రెండు రోజులు గరిష్ఠం. రాజధాని, శతాబ్ది, జనశతాబ్ది బండ్లకు ఇది వర్తించదు. ఈ లెక్కన విజయవాడ నుంచి వచ్చేవాళ్లకు వరంగల్ 208 కిలోమీటర్లే కాబట్టి పనికిరాదు. విశాఖ నుంచి హైదరాబాద్ వెళ్లేవాళ్లకు వరంగల్ 550 దాటాక వస్తుంది, పనికొస్తుంది. చెన్నై నుంచి ఢిల్లీ వెళ్లేవాళ్లకూ, ఢిల్లీ నుంచి విజయవాడ దిగొచ్చేవాళ్లకూ పనికొస్తుంది.

దీనికి కౌంటర్‌కు వెళ్లి, ఫారంలో ఆగే స్టేషన్, రెండో బండి వివరాలు రాసి, రెండు భాగాలకూ రిజర్వేషన్ అడగాలి. దిగిన చోట స్టేషన్ మాస్టర్ చేత టికెట్ మీద రాయించుకోవాలి. చాలామంది మరిచిపోయేది ఇదే. ఆన్‌లైన్‌లో మామూలుగా తీసిన టికెట్‌తో మధ్యలో దిగితే బెర్తు బండితోపాటే పోతుంది, తర్వాతి బండిలో మీకోసం ఏదీ ఉండదు. దూరం పెరిగేకొద్దీ కిలోమీటరు ఛార్జీ తగ్గుతుంది కనుక సుదూర ప్రయాణికులకు ఒకే టికెట్ లాభం. విజయవాడ, ఖమ్మం, సికింద్రాబాద్ వాళ్లు మాత్రం ఈ తంటా అంతా వదిలేసి హాయిగా రెండు టికెట్లు కొనుక్కోవచ్చు, తేడా పెద్దగా ఉండదు.

పొద్దున విజయవాడలో శాతవాహన ఎక్కితే తొమ్మిది గంటల ప్రాంతంలో వరంగల్‌లో దిగుతారు. సాయంత్రం రెండు వైపులా బండ్లకు కొదవలేదు. వేళలు మారుతుంటాయి, బయల్దేరే ముందు రోజు చూసుకోండి. సామాను క్లోక్‌రూంలో పెట్టాలంటే బ్యాగుకు తాళం ఉండి తీరాలి, టికెట్ చూపించాలి. జిప్పు మాత్రమే ఉన్న చేతిసంచులు తీసుకోరు. రెండు చిన్న తాళాలు జేబులో ఉంటే స్టేషన్ బయట వెతుక్కునే పని తప్పుతుంది. ఇచ్చిన రసీదు పోతే బ్యాగు వెనక్కి తెచ్చుకోవడం పెద్ద ప్రహసనం, ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. కోట దగ్గర సామాను దాచే లాకర్లు ఉంటాయని ఆశ పెట్టుకోవద్దు.

ఏది ముందు అన్నది దిగే వేళను బట్టి. గోదావరి లాంటి బండిలో తెల్లవారకముందే దిగినవాళ్లు వెయిటింగ్ హాల్లో ముఖం కడుక్కుని ముందు గుళ్లకు వెళ్లాలి, అవి పెందలాడే తెరుస్తారు. తొమ్మిదికి దిగినవాళ్లు నేరుగా కోటకు పోవాలి. కారణం ఒక్కటే, ఎండ. తోరణాల ఆవరణలో తలదాచుకునే నీడ దాదాపు లేదు. పదకొండు దాటితే నల్లరాయి పెనంలా కాలుతుంది. ఏప్రిల్, మే నెలల్లోనైతే పది గంటలకే బయటపడాలి.

కోటకు స్టేషన్ వెనక శివనగర్ వైపు నుంచి ఆటో మాట్లాడుకోవడం దగ్గర దారి. 'ఖిలా వరంగల్, తోరణాల దగ్గరికి' అని చెప్పాలి. ఉత్త 'కోట' అంటే మొదటి దర్వాజా దగ్గరే దింపేసే ఆటోలూ ఉన్నాయి. నిజానికి అలా దింపినా నష్టం లేదు. ఈ కోటలో అసలు చూడాల్సింది దారే. మొదట మట్టిగోడ వస్తుంది. చెట్లు మొలిచి గుట్టలా కనిపిస్తుంది, చెప్పకపోతే గోడ అని తెలియదు. తర్వాత రాతిగోడ. 45 బురుజులతో గుండ్రంగా తిరిగే ఈ గోడను గణపతిదేవుడు మొదలుపెడితే రుద్రమదేవి పూర్తి చేయించింది. సున్నం లేకుండా రాయి మీద రాయి కూర్చారు. దర్వాజాలోకి దారి నేరుగా ఉండదు, లోపల మలుపు తిరుగుతుంది. తలుపును ఢీకొట్టడానికి ఏనుగు పరుగెత్తుకొచ్చే జాగా లేకుండా చేయడం దీని కిటుకు. ఇప్పుడు అదే మలుపులో ఆటో, ట్రాక్టరు ఎదురైతే ఎవరో ఒకరు వెనక్కి తగ్గాల్సిందే. ఏడు వందల ఏళ్ల తర్వాత కూడా ఆ కట్టడం తన పని తాను చేస్తోందన్నమాట. దర్వాజా దగ్గర దిగి, గోడ లోపలి వైపు మెట్లు చూసి, మళ్లీ ఆటో ఎక్కడం మంచి పద్ధతి. కోట లోపల ఊరుంది, ఇళ్లున్నాయి, పొలాలున్నాయి. గోడలు చూడటానికి టికెట్ లేదు.

టికెట్ ఉన్నది నడిమధ్య తోరణాల ఆవరణకు. భారతీయులకు 25 రూపాయలు, విదేశీయులకు 300, పదిహేనేళ్ల లోపు పిల్లలకు ఉచితం. నాలుగు దిక్కులకు నాలుగు కీర్తితోరణాలు. తెలంగాణ ప్రభుత్వ చిహ్నంలో ఉన్నది వీటిలో ఒకదాని రూపమే. మధ్యలో ఉండాల్సిన స్వయంభూ శివాలయం లేదు. 1323లో ఢిల్లీ నుంచి వచ్చిన ఉలుగ్ ఖాన్ సేన చేతిలో ప్రతాపరుద్రుడు ఓడిపోయాక ఆ గుడిని కూల్చేశారు. తోరణాలను మాత్రం ముట్టుకోలేదు. వాటి మీద దేవతల బొమ్మలు లేవు, హంసలు, మకరాలు, వేలాడే తామర మొగ్గలే ఉన్నాయి. అందుకే బతికాయన్నది ఎక్కువమంది చెప్పే కారణం.

చాలామంది తోరణం కింద నిలబడి ఫొటో దిగి పావుగంటలో బయటికొచ్చేస్తారు. అది సగం చూడటమే. ఒక తోరణం కింద నిలబడి ఎదుటి తోరణం వైపు చూడండి, మధ్యలో లేని గుడి ఎంత పెద్దదో అప్పుడు లెక్క అందుతుంది. తర్వాత నేల మీద వరుసలుగా పేర్చిన ముక్కల దగ్గరికి వెళ్లాలి. విరిగిన నందులు, స్తంభాల నడుములు, పైకప్పు తామరలు అక్కడున్నాయి. నిలబెట్టిన గుళ్లలో తల పైకెత్తినా సరిగా కనిపించని పైకప్పు చెక్కడం ఇక్కడ మోకాలి ఎత్తులో దొరుకుతుంది. కాకతీయ శిల్పుల ఉలిపని అర్థం కావాలంటే ఇంతకు మించిన చోటు లేదు. దీనికి గంట ఇవ్వండి. ఆ గుడిలోని నాలుగు ముఖాల శివలింగమే ఇప్పుడు దగ్గర్లోని శంభుని గుడిలో పూజలందుకుంటోందని అంటారు. ఏ ముక్క ఎక్కడిదో చెప్పే బోర్డు మాత్రం వెతికినా దొరకదు, మార్కు కోసేసింది అందుకే.

పక్కనే ఖుష్‌మహల్. కాకతీయుల తర్వాత ఓరుగల్లును ఏలిన షితాబ్‌ఖాన్ కట్టించాడని ఊళ్లో చెబుతారు. కిందికి వెడల్పయ్యే వాలుగోడలు చూస్తే మాత్రం తుగ్లక్‌ల కాలపు ఢిల్లీ కట్టడాలు గుర్తొస్తాయి. లోపల చల్లగా ఉంటుంది, పది నిమిషాలు కూర్చోవడానికి కోటలో ఉన్న మంచి నీడ ఇదొక్కటే. ఏకశిల గుట్ట ఎక్కడం ఓపిక ఉన్నవాళ్ల పని. ఊరికి ఓరుగల్లు (ఒంటిరాయి) అన్న పేరెందుకు వచ్చిందో కళ్లారా చూడొచ్చు, టైం లేకపోతే కింద నుంచి చూసినా చాలు. సాయంత్రం లైట్ షో ఉందని ఎవరైనా చెప్పినా దానికోసం బండి వదులుకోవద్దు.

కోట నుంచి వేయిస్తంభాల గుడికి సుమారు ఎనిమిది కిలోమీటర్లు. కోటలోంచి తిరుగు ఆటో దొరకడం కష్టం, అందుకే వచ్చిన ఆటోనే గంటన్నర ఆపి ఉంచేలా ముందే బేరం తేల్చుకోవాలి. 'ఎంతో కొంత ఇద్దురుగానీ' అన్న మాట దగ్గర బేరం వదిలేస్తే చివర్లో గొడవే. వరంగల్–హనుమకొండ మధ్య షేర్ ఆటోలు, సిటీ బస్సులు బాగా తిరుగుతాయి, కోట ఒక్కదానికే విడిగా ఆటో అవసరం.

గుడి 1163లో రుద్రదేవుడు కట్టించాడు. శాసనం అక్కడే ఉంది, కాకతీయులు చాళుక్యుల నీడ నుంచి బయటపడిన సంగతి చెప్పే శాసనం అది. శివుడు, విష్ణువు, సూర్యుడు ముగ్గురికీ మూడు గర్భగుళ్లు, ఇప్పుడు పూజ శివుడికే. స్తంభాల నునుపు మీద వేలు పోనిచ్చి చూడండి, ముఖం కనిపించేంత మెరుపు. ఎదురుగా నల్లరాతి నంది. దానికి అటువైపున్న కల్యాణమండపాన్ని చూడకుండా వెనక్కి తిరగొద్దు. కుంగిపోతున్న ఆ మండపాన్ని 2006లో రాయి రాయిగా విప్పారు. తిరిగి కట్టి తెరిచేసరికి 2024 శివరాత్రి వచ్చింది. పద్దెనిమిదేళ్లు! కాకతీయులు రాతి బరువు ఆపడానికి పునాదిలో ఇసుక నింపేవారు. కట్టిన తీరు తెలుసుకుని మళ్లీ అలా నిలబెట్టడం అంత సులువు కాలేదు. కొత్తగా చెక్కి అతికించిన రాళ్లు రంగులో తేడాగా కనిపిస్తాయి, వెతకడం బాగుంటుంది.

చెప్పులు బయటే వదలాలి, మధ్యాహ్నం రాతినేల అరికాళ్లు కాలుస్తుంది. మేజోళ్లు వేసుకుంటే సగం బాధ తప్పుతుంది.

భద్రకాళి గుడి ఇక్కడి నుంచి రెండు మూడు కిలోమీటర్లు, చెరువు గట్టున. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు దాకా మూసి ఉంటుంది. పన్నెండున్నరకు ఉరుక్కుంటూ వెళ్లేకంటే హనుమకొండ చౌరస్తాలో భోజనం చేసి మూడున్నరకు వెళ్లడం మేలు. ఆషాఢంలో శాకంబరి ఉత్సవాల రోజుల్లో దర్శనానికి ఎంతసేపు పడుతుందో లెక్క కట్టలేం, బండి ఉన్నవాళ్లు చెరువు గట్టు మీద నుంచే దండం పెట్టుకోవడం క్షేమం.

రామప్పను ఈ ఆరు గంటల్లో ఇరికించొద్దు. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక 'వరంగల్ దాకా వచ్చి రామప్ప చూడకపోతే ఎలా' అనేవాళ్లు ఎక్కువయ్యారు. ఆ గుడి ఉన్న పాలంపేట హనుమకొండ నుంచి 65 కిలోమీటర్ల పైమాటే. రానూపోనూ ప్రయాణానికే మూడు నాలుగు గంటలు, బస్సులు మారితే ఇంకా ఎక్కువ. అక్కడి మదనికల (చూరు కింది స్త్రీ శిల్పాల) ముందు అరగంట నిలబడి వాచీ చూసుకోవడం వాటికి అవమానం. రాత్రి ఉండగలిగితే మరుసటి పొద్దున కారు మాట్లాడుకుని వెళ్లండి. కాజీపేట దగ్గర బండి ఆలస్యమై రెండు గంటలు మిగిలినవాళ్లకు మడికొండ మెట్టుగుట్ట మీది శివాలయం సరిపోతుంది.

కొనేవాటిలో కొత్తవాడ జంపఖానాలు ముందు వరస. భౌగోళిక గుర్తింపు ఉన్న నేత ఇది. పెద్ద సైజువి బరువు, బెర్తు కింద తోయడానికి వీలుగా చుట్టి తాడు కట్టించుకోండి. కూరకు ఎర్రటి రంగు ఇష్టపడేవాళ్లు చపాటా మిర్చి అడగాలి. టమాటాలా గుండ్రంగా, ఎర్రగా ఉంటుంది, రంగు ఎక్కువ, ఘాటు తక్కువ. సకినాలు దారి పొడవునా నిలవ ఉంటాయి, సర్వపిండి మాత్రం వేడి తగ్గకముందే తినాలి.

మజిలీ పెట్టుకోకూడని రోజులు రెండు రకాలు. బతుకమ్మ పండగ మొదటి రోజైన ఎంగిలిపూల బతుకమ్మ నాటి సాయంత్రం వేయిస్తంభాల గుడి చుట్టూ ఇసుక వేస్తే రాలదు. బతుకమ్మ కోసమే వచ్చేవాళ్లకు అంతకు మించిన రోజు లేదు, గుడి చూడటానికి వచ్చేవాళ్లకు మాత్రం దారే దొరకదు. రెండోది, రెండేళ్లకోసారి మాఘ పౌర్ణమి ప్రాంతంలో వచ్చే మేడారం జాతర. ఆ వారం కాజీపేట, వరంగల్ రెండు స్టేషన్లూ కిక్కిరిసి ఉంటాయి, ఆటోలు, కార్లు అటే పోతాయి. తప్పనిసరై ఆ రోజుల్లో దిగితే స్టేషన్ వెనక శివనగర్ వైపు నుంచి కోట ఒక్కటి చూసుకుని, బండి వేళకు గంటన్నర ముందే ప్లాట్‌ఫారం చేరాలి.